ఎడమ చక్రం మీది ఎరుపు

కోడి కూసిందని గవర్రాజుకు గోడ చెప్పింది.

పడకకు ఎదురుగా ఉన్న పలుకుగోడ మీద 'వీధిలో కోడి కూత, పాలబండి, ఎవరిదో దగ్గు' అన్న తెల్లని అక్షరాలు వెలిగి ఆరిపోయాయి. ఆ మూడింటిలో ఒక్కటీ ఆయన చెవిన పడలేదు. కడియం ఊళ్లో అందరూ ఇప్పుడు అలాగే నిద్ర లేస్తున్నారు. ఆయన చెవిలోని పూసను వేలితో సర్దుకుని, అరచేతులు చూసి కళ్లకద్దుకుని, బకెట్టుతో నీళ్లు పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

శుక్రవారం పూట కారు కడిగి చక్రాలకు పసుపు కుంకుమ పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. నడిపేది సారథి అనే యంత్రబుద్ధే అయినా, బరువు మోసేది చక్రమే కదా అని గవర్రాజు నమ్మకం. పైగా మర్నాడు కార్తీక పౌర్ణమి. భార్య సత్యవేణితో కలిసి అన్నవరం కొండ మీద సత్యదేవుడి వ్రతం చేసుకోవాలి. కొండెక్కడం కన్నా దిగడమే ఆయనకు భయం. అందుకని ఆ రోజు మరికాస్త భక్తిగా కడుగుతున్నాడు.

ముందువైపు ఎడమ చక్రం మీద ఎర్రటి పొడి చారలు కట్టి ఉంది. రుద్దితే వేళ్లకు అంటింది. పోయిన శుక్రవారం పెట్టిన కుంకుమ మంచుకు కరిగి జారిందనుకున్నాడు. కొన్ని వారాలుగా అలాగే అనుకుంటున్నాడు. తక్కిన మూడు చక్రాల మీద లేని ఎరుపు దీని మీదే నిలుస్తోందంటే అమ్మవారి చల్లని చూపు దీని మీద ఉందని లోలోపల మురిశాడు కూడా. కుంకుమ నీళ్లు ఎవరూ తొక్కకూడదు కనక వాటిని జాగ్రత్తగా గన్నేరు మొదట్లో పోసేవాడు.

"రేపు నేను దాంట్లో ఎక్కను" అన్న మాట వినబడి తలెత్తాడు. సత్యవేణి అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"మళ్లీ మొదలెట్టేవా?"

"మొదలెట్టింది నేను కాదండి, మీ కారు. నిన్న సంత నుంచి వస్తూ సందు మలుపులో ఆగిందా, తిరగల్లో గులకరాళ్లు పోసి తిప్పినట్టు అరిచింది. పక్కింటి సూరమ్మ గారి గేదె పలుపు తెంపుకుని పారిపోయింది. గేదెకి వినబడింది, మీకు వినబళ్లేదు."

"గేదెకి పూస లేదు కదే."

"నాకూ లేదు. నన్నూ ఆ గేదెలో కలిపేయండి, ఓ పనైపోద్ది."

చెవిపూస వచ్చి ఒక తరం కావస్తోంది. మొదట్లో అది యంత్రాల రొదను మాత్రమే తుడిచేది. తర్వాత మనిషి గుండెను కనిపెట్టడం నేర్చుకుంది. ఏ చప్పుడుకు గుండె ఉలిక్కిపడుతుందో చూసి, ఆ చప్పుడును మరోసారి ఆ చెవికి చేరనివ్వదు. ఉలికిపాటు ఎంత పెద్దదైతే అంత ముందుగా తుడిచేస్తుంది. మాటలను మాత్రం తుడవదు. రక్తపోట్లు తగ్గాయి, వీధి తగాదాలు తగ్గాయి, పసిపిల్లల తల్లులు కూడా నిద్రపోతున్నారు. ఆ కొత్త పద్ధతికి సమ్మతమేనా అని పలుకుగోడ అడిగిన రోజున గవర్రాజు తన మొక్కల నర్సరీలో మామిడికి అంటు కడుతున్నాడు. మట్టి చేతి బొటనవేలితోనే సమ్మతమని నొక్కాడు. ఊళ్లో అందరూ అలాగే నొక్కారు.

సత్యవేణి మాత్రం ఆ మార్పు రాకముందే, పోయిన కార్తీకంలోనే, తన పూస తీసి పసుపు డబ్బాలో పడేసింది. హారతి వేళ గంట మోగుతుంటే అది వడకట్టి వినిపించడం ఆమెకు నచ్చలేదు. "దేవుడు కంటికి రెప్ప పెట్టేడు, చెవికి పెట్టలేదు. మర్చిపోయి కాదు కదా" అంది. దానికి గవర్రాజు జవాబు ఆలోచించాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు మాత్రం ఆయన చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఎర్రబడ్డ వేళ్లు పైకెత్తి చూపించాడు. "ఇలా చూడు. నీ చేత్తో పెట్టిన కుంకం వారం పాటు నిలిచి ఉంది. ఇలాంటి బండిని పట్టుకుని..."

"నేను కుంకం ఎక్కడ పెట్టేను?" అంది సత్యవేణి. "భరిణె నిండుకుంది. పోయిన శుక్రవారం చక్రాలకి ఉత్త పసుపే రాసేను. మీరే కదా, రేపు తెస్తానని మర్చిపోయారు."

గవర్రాజు వేళ్ల వైపు చూసుకున్నాడు. బొటనవేలితో నలిపి వాసన చూశాడు. కుంకుమ వాసన కాదు. వానలో తడిసిన గునపం వాసన.

కారు తలుపు తీసి సారథిని అడిగాడు. "బ్రేకులు ఎలా ఉన్నాయి?"

"బ్రేకులు బాగున్నాయి, గవర్రాజు గారూ. రేపటి కొండ ప్రయాణం సుఖంగా సాగుతుంది" అంది సారథి, పురోహితుడు దీవించినంత నిండుగా.

కార్లు బాగుచేసే రథశాలకు కబురు పెట్టాడు. అక్కడి గొంతు కూడా అంతే మర్యాదగా పలికింది. "మీ సారథి లోపం లేదంటోందండి. లోపం లేని బండిని విప్పడానికి మాకు వీలుండదు. శుభం."

ఆయన కారు దగ్గరి నుంచి గేటు దాకా నడిచాడు. గేటు నుంచి మళ్లీ కారు దగ్గరికి వచ్చాడు. తడిపిన కుండీకే మళ్లీ నీళ్లు పోశాడు. ఒక పక్క యంత్రం బాగుందంటోంది. ఇంకో పక్క వేళ్ల మీద ఇనుము ఉంది. తనకు వినబడనంత మాత్రాన చప్పుడే లేదని ఎలా అనుకోవడం? రేపు కొండ దిగే మలుపులో అది పట్టకపోతే, పక్క సీట్లో ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఎవరు?

చివరికి బావమరిది దొరబాబుకు చెప్పాడు.

దొరబాబు నర్సరీలకు నీటి మోటార్లు బాగుచేస్తాడు. ఆ పనికి చప్పుళ్లు వినబడాలి కనక అతను పూస పెట్టుకోడు. ఎండెక్కే వేళకు జాకీ, పానలు మూట కట్టుకుని దిగాడు.

"ఏంటి బావగారూ, దేవుడు పిలిచాడా, బ్రేకులు పిలిచాయా?"

"ఎకసెక్కాలు తర్వాత. మొన్న అత్తయ్య గారిని దింపడానికి ఈ కారు నడిపేవు కదా. నీకేమైనా వినబడిందా?"

"వినబడకపోవడమేంటి! సందు దాటేలోపు పళ్లు పులిసిపోయాయి."

"మరి చెప్పవేం?"

దొరబాబు మూట విప్పుతూ నవ్వాడు. "ఇంటల్లుడి బండికి వంక పెడితే మా అమ్మ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? అయినా మీ బండి, రోజూ తిరిగేది మీరు. అక్క చెబుతూనే ఉంటుంది కదా, మీకు లేని బాధ నాకెందుకనుకున్నాను."

సత్యవేణి అరుగు మీంచి ఆ మాట విని, అటు తిరిగి కొంగు సర్దుకుంది.

"కీచుమంటే అరుగుతోందని, గరగరమంటే అరిగిపోయిందని లెక్క" అన్నాడు దొరబాబు. "ఎరుపు ఎడం చక్రం మీదుంది. కానీ చప్పుడు కూడా అక్కడే పుడుతోందో లేదో వినాలి. మీరు సారథిని పడుకోబెట్టి చేత్తో నడపండి. అద్దాలు దించండి. ఆ పూస తీసెయ్యండి. నేను కుడిపక్క నడుస్తాను."

"ఎడంపక్క నేను నడుస్తాను" అంది సత్యవేణి. "రోజూ విన్నదాన్ని, ఆ గొంతు నాకు తెలుసు."

గవర్రాజు పూస తీశాడు.

లోకం ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. పిచ్చుకలు, ఎక్కడో నీటి మోటారు, క్రోటన్ ఆకుల రాపిడి, తన ముక్కులో తన ఊపిరి. ఇన్ని ఉన్నాయా అనుకున్నాడు. ఏది దగ్గరో ఏది దూరమో తెలియక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పూస మళ్లీ పెట్టేసుకుందామా అన్నంత గాభరా పుట్టింది. దాన్ని జేబులో వేసుకుని, కుండీల వరసల మధ్య బాటలో కారును మెల్లగా కదిలించాడు.

"నొక్కండి" అన్నాడు దొరబాబు.

నొక్కాడు. గర్ర్ర్ మంది. ఆ చప్పుడు కాలి కింద నుంచి వెన్నులోకి పాకింది. సత్యదేవా, దీన్నా ఇన్నాళ్లు మోసుకు తిరిగింది!

"నా పక్క కాదండోయ్. అక్కా, నీ పక్కేనా?"

"నా పక్కే."

"మళ్లీ కదలండి. నొక్కండి. వదలండి."

నొక్కినప్పుడల్లా గరగర. వదిలితే ఆగిపోతోంది. కానీ దాని వెనక ఇంకొకటి ఉన్నట్టు గవర్రాజుకు తోచింది. సన్నగా, ఆగి ఆగి వస్తోంది. నొక్కినా వస్తోంది, వదిలినా వస్తోంది.

"దొరబాబూ, ఇంకో లోపం కూడా ఉన్నట్టుందిరా. సన్నగా, మూలుగులాగా."

"నాకేం వినబళ్లేదు బావగారూ. ఎటుపక్క?"

"ఎడంపక్కే. కొంచెం వెనగ్గా."

బాట చివర కారు పూర్తిగా ఆపేశాడు. చక్రం ఆగింది. గరగర ఆగింది. ఆ సన్నటి చప్పుడు మాత్రం ఆగలేదు.

పక్క సీటు మీదికి ఒరిగి ఎడమ కిటికీలోంచి వెనక్కి చూశాడు. సత్యవేణి వస్తోంది. ఒక చెయ్యి కారు ఒంటికి ఆనించి, ఎడమ కాలు నేలకు తాకీ తాకకుండా వేస్తూ వస్తోంది. ఆ కాలు మోపినప్పుడల్లా పెదాలు మూసి ఉండగానే లోపలి నుంచి 'హుమ్మ్' అని ఒక మూలుగు. ఆమెకు తెలిసే వస్తున్నట్టు లేదు. అంత అలవాటైపోయింది.

"ఏంటలా చూస్తారు? ఎడందే కదా?" అంది ఆమె, కిటికీ దగ్గరికి వచ్చి.

"ఎడందే" అన్నాడు గవర్రాజు. చూపు ఆమె కాలి మీదే ఉంది.

దొరబాబు జాకీ వేసి చక్రం ఊడదీశాడు. గవర్రాజు పక్కన కూర్చుని పానలు అందిస్తున్నాడు. ఒకటి అడిగితే ఇంకొకటి ఇస్తున్నాడు. సత్యవేణి లోపలికి వెళ్లింది. వంటింటి గడప దగ్గర ఒకసారి, పీట వాల్చేటప్పుడు ఒకసారి ఆ మూలుగు వినబడింది. విన్న ప్రతిసారీ ఆయన చెయ్యి ఆగిపోతోంది.

"ఇదిగో చూడండి." దొరబాబు చక్రంతో పాటు తిరిగే డిస్కుకు రెండు పక్కలా బిగించి ఉన్న ప్యాడ్లు బయటికి తీశాడు. బయటి ప్యాడు వేలు మందాన ఉంది. లోపలి దాని మీద రాపిడికి ఓర్చే పొర అన్నది లేదు, ఉత్త ఇనుప రేకు మిగిలింది. అది రాసుకుని రాసుకుని డిస్కు మీద తాటాకు మీద గంటంతో గీసినట్టు చాళ్లు పడ్డాయి. "ప్యాడు వెనక్కి జరగడానికి ఉండే ఈ జారుపిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మీరు వదిలినా లోపలి ప్యాడు కొంచెం తాకుతూనే ఉంది. అరక్క ఏం చేస్తుంది? ఆ ఎర్ర పొడి దీని ఒంట్లోదేనండి."

"మరి సారథి బాగుందంటోందే?"

"దాని కన్ను కుడి చక్రానికే ఉంటుంది బావగారూ. కుడి బాగుంటే ఎడమ కూడా బాగుంటుందని దాని నమ్మకం. ఇక చప్పుడంటారా, దాని చెవి కూడా మీ పూస లాంటిదే. బాధపెట్టే చప్పుడు రాకుండా తుడిచేశాక ఇంక దానికి మాత్రం ఏం వినబడుతుంది?"

ఆయన కుంకుమ అనుకుని దణ్ణం పెట్టుకున్నది గన్నేరు మొదట్లో ఎర్రగా ఇంకి ఉంది. గవర్రాజు అటు చూడలేకపోయాడు.

దొరబాబు ప్యాడు అంచున వంకర తిరిగిన చిన్న రేకు ముక్కను గోటితో మీటాడు. "దీన్ని కూతరేకంటారు. ప్యాడు పల్చబడగానే ఇది డిస్కుకు తగిలి కీచుమంటుంది. అరుగుతున్నాను చూసుకోండని అరవడానికే పెట్టిన రేకండి ఇది. పాపం, ఎన్నాళ్లు అరిచిందో. అరిచి అరిచి ఇదే అరిగిపోయింది."

గవర్రాజు ఆ రేకును ఊడదీసి అరచేతిలోకి తీసుకున్నాడు. ఎండలో ఉన్నది కనక వెచ్చగా ఉంది. వంటింటి వైపు చూశాడు. తర్వాత నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది బావగారూ? కొత్తవి వేసేస్తే అయిపోద్ది. దానికింత దిగులేంటి?"

కొత్త డిస్కులు, ప్యాడ్లు ఎగురుబుట్టలో వచ్చి పెరట్లో దిగాయి. దొరబాబు జారుపిన్ను తుప్పు గీకి, గ్రీజు రాసి, అది చేత్తో నెడితే కదిలేదాకా వదల్లేదు. ఒక పక్క మారిస్తే రెండో పక్క కూడా మార్చాలన్నాడు. అన్నీ బిగించాక గవర్రాజును పెడలు నిదానంగా నొక్కమన్నాడు. మొదట మెత్తగా దిగిన పెడలు నాలుగు నొక్కులకు గట్టిపడింది. మళ్లీ బాటలో నడిపి చూశారు. కంకర మీద టైరు నలుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇంక అక్కని నిశ్చింతగా ఎక్కించుకోండి" అన్నాడు దొరబాబు.

అతను వెళ్లాక గవర్రాజు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సత్యవేణి రేపటి వ్రతానికి ఒత్తులు చేసుకుంటోంది.

"ఎన్నాళ్లయింది?"

"ఏది?"

"మోకాలు."

ఆమె ఒత్తి చేయడం ఆపలేదు. "ఇప్పుడా అడగడం? ఏడాది పొడుగునా మీ పక్కనే మూలుగుతున్నాను. గడప దాటితే మూలుగు, పీట మీంచి లేస్తే మూలుగు. మీరేమో కాఫీ తాగుతూ గోడ చదువుకుంటారు. ఏంటే అని ఒక్కమాట అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. వింటూ కూడా అడగని మనిషికి నోరు తెరిచి చెప్పుకోవడమేంటని ఊరుకున్నాను."

"వినబళ్లేదు వేణీ."

"పూస తుడిచేది యంత్రాల రొద కదండీ. నేను యంత్రాన్నా?"

"అది అప్పటి మాట. తర్వాత మార్చేరు. నా గుండె దేనికి ఉలిక్కిపడితే దాన్ని తుడిచేస్తుంది."

సత్యవేణి చేతిలో పత్తి ఆగింది. ఆయన గుమ్మంలోనే కూర్చుని చెప్పుకొచ్చాడు. "చలికాలంలో ఒకరోజు నూతి గట్టు దగ్గర నువ్వు మూలిగేవు, గుర్తుందా? నర్సరీలోంచి కత్తెర చేత్తోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఏం లేదు పొండి అన్నావు. ఆ తర్వాత మళ్లీ నాకు వినబళ్లేదు. తగ్గిపోయిందనుకున్నాను."

ఆమె పత్తిని ఒళ్లో పెట్టుకుంది. ఏడాది కోపాన్ని ఒక్కసారిగా ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"అయితే నా మూలుగుకి మీ గుండె అంతలా కొట్టుకుందా?" అని మాత్రం అడిగింది.

గవర్రాజు తల వంచుకుని కూతరేకును వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "సోమవారం రాజమండ్రి వెళ్దాం. డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

మర్నాడు ఆయన గోడ చెప్పకముందే లేచాడు. కోడి కూత విన్నాడు. పాలబండి విన్నాడు. ఎవరిదో అని గోడ రాసే ఆ దగ్గు సూరమ్మ గారిదని తెలిసి, వెళ్లేముందు ఆవిడ గుమ్మంలో ఆగి పలకరించాడు. కారులో అంతసేపూ స్థిమితం లేదు. ప్రతి చప్పుడుకూ చెవి రిక్కించి, ఇది బ్రేకా, ఇది గాలా అని సత్యవేణిని అడుగుతూనే ఉన్నాడు. ఆమె విసుక్కోలేదు. ఎదురుగా రత్నగిరి కొండ కనబడగానే ఇద్దరూ చేతులు జోడించారు.

వ్రతం చక్కగా జరిగింది. కథ వింటున్నప్పుడు కూడా ఆయన చెవి పక్కనే ఉంది. ఆమె పీట మీద కూర్చుంది, లేచింది, తీర్థం తీసుకోవడానికి వంగింది. ఒక్క మూలుగు కూడా లేదు. నిన్నటి నడకకు కాలు సర్దుకుందేమో, స్వామి దయ అనుకున్నాడు. అయినా మనసు ఎందుకో నిలవలేదు. పూస నిజంగా జేబులోనే ఉందా అని తడిమి చూసుకున్నాడు. ఉంది.

ప్రసాదం పొట్లాలు పట్టుకుని మండపం మెట్లు దిగుతుండగా ఆమె ముఖంలోకి చూశాడు. కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి ఉంది. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. ఎడమ కాలు దించినప్పుడల్లా పెదవి మీద పళ్ల గుర్తు ఇంకాస్త లోతుగా పడుతోంది.

"నొప్పి లేదా?"

"లేదండి."

"మరి పెదవెందుకు కొరుక్కుంటున్నావు?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వబోయింది. "నేను మూలిగితే మీ గుండె కొట్టుకుంటుందన్నారు కదా. మీకసలే బీపీ."

గవర్రాజు మెట్టు మీద నిలబడిపోయాడు. పౌర్ణమి జనం ఇద్దరినీ తప్పుకుంటూ దిగిపోతున్నారు. చెవుల్లో పూసలున్న ఆ జనం చేతులు జోడించి, ఎవరి నిశ్శబ్దంలో వారు వెళ్తున్నారు. యంత్రం ఏడాది పాటు చేసిన పనిని ఇప్పుడు ఈ మనిషి తన పళ్లతో తానే చేస్తోంది. దాన్ని తీసి జేబులో వేసుకోవచ్చు. దీన్ని ఏం చేయాలి?

ప్రసాదం పొట్లాలు ఆమె చేతిలోంచి తీసుకుని, భుజం వంచి ఆమె చేతిని దాని మీద వేసుకున్నాడు.

"మూలుగవే" అన్నాడు. "నాకు వినబడాలి."

"ఇంతమందిలోనా? ఏం మాటండీ అది!"

"నువ్వు మూలిగితేనే నేను తరువాతి మెట్టు దిగుతాను."

సత్యవేణి చుట్టూ చూసింది. కాలు దించింది. పళ్లు పెదవిని వదిలాయి.

గవర్రాజు గుండె దడదడ కొట్టుకుంది. గుండె దగ్గరి జేబులో పూస మేలుకుని, తుడవమంటారా అన్నట్టు సన్నగా వణికింది. ఆయన దాన్ని అలాగే వణకనిచ్చి, తరువాతి మెట్టుకు భుజం ఇంకాస్త వంచాడు.